సజీవత నిర్ధారణ కాలేదు

రాజమండ్రిలో కాలవగట్టు మీద కాలవ పడవల పర్యవేక్షణ కార్యాలయం అని ఒక ఆఫీసు ఉంది. కాలవలో పడవలు తిరగడం మానేసి నలభై ఏళ్ళు దాటింది గానీ, పర్యవేక్షణ మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు. పద్దెనిమిది మంది సిబ్బంది, ఇరవై మూడు బీరువాలు, గోడకి ఆగిపోయిన గడియారం. ప్రతి నెలా ఆఖరి తారీఖున "ఈ మాసమున కాలవపై ప్రయాణించిన పడవలు: లేవు" అని నాలుగు కాపీలు రాజధానికి పంపుతారు. ఒక్క రోజు ఆలస్యమైతే లేని పడవల గురించి ఎందుకు ఆలస్యమైందో సంజాయిషీ రాసుకోవాలి.

ఆ "లేవు" అన్న మాటని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాస్తున్న మనిషి సీనియర్ అసిస్టెంటు దంగేటి రత్నమాణిక్యం గారు. ఆవిడ తండ్రి ఇదే ఆఫీసు కింద ధవళేశ్వరం లాకుల దగ్గర లస్కరుగా పనిచేశాడు. పడవొస్తే లాకు తలుపులు తెరవడం, పోయాక మూయడం ఆయన పని. చదువు రాదు కాబట్టి హాజరు పట్టీలో వేలిముద్ర వేసేవాడు. ఆ ఇంట్లో సంతకంతో హాజరు వేసుకున్న మొదటి మనిషి మాణిక్యం గారే.

ఇంకో పదకొండు నెలల్లో రిటైర్మెంటు. ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. రిటైరయ్యే రోజు సాయంత్రం ఆ మనిషి హాజరు పట్టీలో ఆఖరి సంతకం పెడుతుంటే అందరూ లేచి నిలబడతారు. చప్పట్లుండవు, ఉపన్యాసాలుండవు. పెన్ను మూత పెట్టేదాకా నిలబడతారు, అంతే. మాణిక్యం గారు అలా పద్నాలుగు మంది కోసం నిలబడ్డారు. తనకోసం కూడా నిలబడితే చాలనుకున్నారు. జీవితంలో ఆవిడ కోరుకున్న ఆడంబరం అదొక్కటే.

ఒక సోమవారం తెల్లవారి మంచం మీద పక్కకి ఒత్తిగిల్లారు. ఇల్లు తిరిగింది. ఫ్యాను కట్టేసి ఉంది, ఇల్లు తిరుగుతోంది. పరుపు అంచు రెండు చేతులతో పట్టుకుని, నోటికొచ్చిన దేవుణ్ణల్లా పిలిచారు. ముక్కాలు నిమిషంలో ఇల్లు ఆగింది, వాంతి మొదలైంది. పడవల ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఏనాడూ పడవెక్కని మనిషికి ఆ ముచ్చట అలా తీరింది.

చెవి, ముక్కు, గొంతు డాక్టరు సుభాషిణి గారు ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, గభాల్న వెనక్కి పడుకోబెట్టి, కళ్ళలోకి చూశారు. మాణిక్యం గారికి మళ్ళీ ప్రపంచం తిరిగింది. డాక్టరు గారు మాత్రం సంతోషించారు.

"దొరికిందండీ. చెవి లోపల సన్నటి రేణువులుంటాయి, సున్నప్పొడిలాగా. అవి ఒకచోట అతుక్కుని ఉండాలి. వయసొచ్చాక కొన్ని ఊడి పక్క గొట్టంలోకి జారతాయి. మీరు తల తిప్పినప్పుడల్లా అవి కదిలి, మీరు గిర్రున తిరుగుతున్నారని మెదడుకి తప్పుడు కబురు పంపుతాయి."

"ప్రాణానికేం భయం లేదా అండీ?"

"లేదు. కళ్ళు తిరిగి పడితే మాత్రం తుంటి ఎముకకి భయం. తలని వరసగా నాలుగు పక్కలకీ తిప్పి ఆ రేణువుల్ని వాటి చోటికి పంపిస్తాను. ఒక్కసారికి వింటే అదృష్టం. లేకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. అందాకా రెండు దిళ్ళు వేసుకుని పడుకోండి. లేచాక మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు నిలబడండి. తల చటుక్కున తిప్పకండి, పైకి ఎత్తకండి. తిరగడం మొదలైతే కూర్చుని, కదలకుండా ఉన్నదేదైనా ఒకదాని మీద చూపు నిలపండి. మీ ఆఫీసులో కదలకుండా ఉండేదేమైనా ఉందా?"

"అన్నీ అవేనండి," అన్నారు మాణిక్యం గారు.

వాటిలోంచి ఆవిడ ఒక మేకుని ఎంచుకున్నారు. ఆవిడ కుర్చీకి ఎదురుగోడ మీద, ఒకప్పుడు క్యాలెండరు తగిలించిన మేకు. కళ్ళు తిరగబోతున్నాయనిపిస్తే దాన్నే చూసేవారు. మేకు కాస్త ఊగేది, తర్వాత సర్దుకునేది. రెండు వారాల్లో ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. అంతా ఒక దారికొస్తోంది అనుకుంటున్న సమయంలో రాజధాని నుంచి "హాజరు నేత్రం" అనే ఫోను యాప్ దిగింది.

దాని కథేమిటంటే, వేరే జిల్లాలో ఒక ఉద్యోగి పోయాడు. తోటివాళ్ళు ఆయన ఫొటోని రోజూ ఫోను ముందు పెట్టి పదకొండు నెలలు హాజరు వేయించారు. ఆ ఏడాది ఆగస్టు పదిహేనున ఉత్తమ హాజరు ప్రశంసాపత్రం కూడా ఆయనకే వచ్చింది. తీసుకోడానికి రాకపోయేసరికి గుట్టు బయటపడింది. దాంతో ప్రధాన కార్యాలయం ఇకమీదట ప్రతి ఉద్యోగీ బతికున్నట్టు రుజువు చేసుకోవాలని తీర్మానించింది. ఫోను ముందు నిలబడి తల కుడికి తిప్పాలి, ఎడమకి తిప్పాలి, పైకెత్తాలి, దించాలి, కళ్ళు మూడుసార్లు ఆర్పాలి. ఇలా రోజుకి నాలుగుసార్లు. వరసగా ముప్ఫై రోజులు గైర్హాజరైతే ఉద్యోగం స్వచ్ఛందంగా వదిలి వెళ్ళినట్టు భావించబడును.

ఆఫీసు పెద్ద, ఉప పర్యవేక్షకులు ఈరంకి విశ్వపతి గారు మంచి రోజు చూసి కొబ్బరికాయ కొట్టారు. పాత హాజరు పట్టీలన్నీ తాడుతో కట్టించి ఏడో బీరువాలో పెట్టించారు.

"నేటితో మన కార్యాలయము కాగితపు యుగమునకు వీడ్కోలు పలికి, కృత్రిమ మేధా యుగమునందు పాదము మోపుచున్నది," అన్నారు. ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా ఆ భాషలోనే అడుగుతారని చెప్పుకుంటారు.

పద్దెనిమిది మందీ వరండాలో వరసగా నిలబడి తలలాడించారు. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి, లోపల ఎవరికో పూనకం వచ్చిందనుకున్నారు. మాణిక్యం గారి వంతు వచ్చింది. కుడికి మెల్లగా తిప్పారు, బాగానే ఉంది. ఎడమకి తిప్పగానే వరండా లేచి కాలవ మీదికి వెళ్ళింది.

"నిలకడగా ఉండండి," అంది ఫోను తియ్యగా.

ఆవిడ స్తంభాన్ని పట్టుకున్నారు. కనుపాపలు అటూ ఇటూ టకటకా కొట్టుకుంటున్నాయి.

"నేత్ర కదలిక నిబంధనలకు అనుగుణంగా లేదు. సజీవత నిర్ధారణ కాలేదు. గైర్హాజరు. ధన్యవాదాలు."

అటెండరు నూకరాజు పరుగున కుర్చీ తెచ్చి వేశాడు. యాభై ఏళ్ళ మనిషి, ఆఫీసులో ఏది విరిగినా తీగతో కట్టి నిలబెట్టేది అతనే. మాణిక్యం గారు కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, తన సీటుకి వెళ్ళి ఆ నెల "లేవు" రాశారు. తర్వాత విశ్వపతి గారి గదిలోకి వెళ్ళారు.

"సార్, నేను డ్యూటీకి వచ్చానండి. అది మాత్రం రాలేదంటోందండి."

"వచ్చారు. వ్యక్తిగతముగా నేను చూచుచునే ఉన్నాను. కాని అధికారికముగా మీరు నా దృష్టికి రాలేదు."

"మీ ఎదురుగానే కూర్చున్నాను కదండీ!"

"అది మీ వాదన," అన్నారు విశ్వపతి గారు జాలిగా. "మినహాయింపునకు దరఖాస్తు చేసుకొనుడు. యాప్‌లోనే కలదు."

ఆ దరఖాస్తు తెరవాలంటే ముందు సజీవత నిరూపించుకోవాలి. అంటే తల కుడికి తిప్పాలి, ఎడమకి తిప్పాలి.

నూకరాజు ఊరుకోలేదు. "తల తిప్పకపోతే యేటండీ, ఫోనే తిప్పుదాం," అని మర్నాడు ఫోను పట్టుకుని ఆవిడ చుట్టూ అర్ధచంద్రాకారంగా నడిచాడు. "నేపథ్యం స్థిరంగా లేదు," అంది ఫోను. మూడోనాడు ఆవిణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మనిషినే కుడికీ ఎడమకీ తిప్పాడు. యాప్ సంగతి అలా ఉంచితే మాణిక్యం గారికి సర్వం తిరిగి, మధ్యాహ్నం దాకా మేకునే చూస్తూ కూర్చున్నారు. నాలుగోనాడు నూకరాజు గోడ కదిలించే ఉపాయం చెప్పబోయాడు గానీ ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టారు.

పదో రోజుకి డాక్టరు ధ్రువపత్రం విశ్వపతి గారి ద్వారా ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. పదిహేనో రోజుకి జవాబు వచ్చింది. విశ్వపతి గారు నిలబడి చదివారు.

"సదరు ఉద్యోగిని చెవియందలి రేణువులు తమకు కేటాయించబడిన స్థానమును వదలి, ఎట్టి బదిలీ ఉత్తర్వులు లేకుండ వేరొక స్థానమునకు చేరినట్లు వైద్యుల ధ్రువపత్రము వలన తెలియుచున్నది. తన ఆధీనములోని రేణువుల అనధికార కదలికను అరికట్టుటలో విఫలమైనందులకు ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. కదలిన రేణువుల సంఖ్యను జతపరచిన పట్టికయందు నింపవలెను."

"అవి నా మాట వింటే ఈ గొడవెందుకండీ?" అన్నారు మాణిక్యం గారు.

"అదియే వ్రాయుడు. కాని సంఖ్య తప్పనిసరి."

"ఎన్నున్నాయో నాకేం తెలుసండీ? తెలియదు అని రాస్తాను."

విశ్వపతి గారు పట్టిక తిప్పి చూశారు. ఆ ఆఫీసులో ఏ పట్టికకైనా ఒకటే పద్ధతి. గడిలో అంకె వెయ్యాలి, అంకె లేకపోతే "లేవు" అని రాయాలి. "తెలియదు" అని రాసిన కాగితం అక్కడ పుట్టి ఎరగదు, రాసినా రాజధాని తిప్పి పంపేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఆవిడ చేతిని లాక్కుపోయింది. గడిలో గుండ్రంగా, ముచ్చటగా "లేవు" అని పడింది.

పంతొమ్మిదో రోజున తాఖీదు వచ్చింది. కదలిన రేణువులు లేవని ఉద్యోగినియే లిఖితపూర్వకముగా అంగీకరించినందున, వ్యాధి లేదు. అయినను సహజ న్యాయ సూత్రములను గౌరవించి, ముగ్గురు సభ్యుల పరిశీలక బృందము స్వయముగా విచ్చేయును.

బృందం ఇరవై రెండో రోజున విచ్చేసింది. పెసరట్టు, ఉప్మా అయ్యాక మాణిక్యం గారి చుట్టూ కుర్చీలు వేసుకున్నారు.

"కళ్ళు తిరుగుట ఎన్ని గంటలకు ప్రారంభమగును?" అన్నారు బృందం అధ్యక్షులు.

"చెప్పి రాదండి."

"ముందస్తు సమాచారము లేకుండ వచ్చుటకు ఇది సత్రమా?"

నాలుగింటిదాకా కాచుకు కూర్చున్నారు. ఆవిడ అలవాటుకొద్దీ మేకుని చూస్తూ పని చేసుకుంటున్నారు కాబట్టి ఏమీ రాలేదు. సభ్యుల్లో ఒకాయనకి రైలు టైమవుతోంది. చివరికి అధ్యక్షులే ఆజ్ఞ ఇచ్చారు.

"తల తిప్పి చూపుడు."

మాణిక్యం గారు ఒక్క క్షణం ఆలోచించి, తిప్పారు. బృందం, బీరువాలు, విశ్వపతి గారు అందరూ కలిసి ఒక చుట్టు చుట్టారు. చేతికందింది పట్టుకున్నారు. అది అధ్యక్షుల వారి టై. మధ్యాహ్నం తిన్న రెండిడ్లీలూ బృందం వారి నివేదిక మీదికి చేరాయి.

అధ్యక్షులు టై కడుక్కుని వచ్చి, కొత్త కాగితం తీసుకుని రాయించారు. "ఉద్యోగిని తల తిప్పగలరని బృందము ప్రత్యక్షముగా గమనించినది. తల తిప్పగలవారికి మినహాయింపు అనవసరము."

"మరి తిప్పకపోతే యేటయ్యేదండి?" అన్నాడు నేల తుడుస్తున్న నూకరాజు.

"తిప్పనిచో వ్యాధి ఉన్నట్లు రుజువు లేదు."

"అయితే ఇప్పుడు తిప్పారు కదండీ, ఆ తిప్పిందానికైనా హాజరెయ్యండి."

"ఆ సమయమున యాప్ తెరచి లేదు," అన్నారు అధ్యక్షులు. వెళ్ళి రైలెక్కారు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక మాణిక్యం గారు ఏడో బీరువా తెరిచి, అడుగు అరలోంచి ఒక పాత హాజరు పట్టీ తీశారు. తలెత్తే పని లేదు, అది నయం. లోపల తండ్రి వేలిముద్రలు, వరసగా, నీలంగా. వరదొచ్చిన నెలలో కూడా ఒక్క గడి ఖాళీ లేదు. నాన్న వేలిని ఎవరూ కుడికీ ఎడమకీ తిప్పమనలేదు. ఆ వేలు అక్కడ ఉంది, కాబట్టి మనిషి అక్కడ ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ వచ్చి, చివరికి రాలేదనిపించుకుని వెళ్ళాలంటే ఆవిడకి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు. లేదని రాస్తారే, ఆ రాత తలుచుకుని. పడవల గురించి ఆ మాట తను ఎన్నిసార్లు రాసిందో ఆవిడకి తెలుసు. తల వంచి ఏడిస్తే కళ్ళు తిరుగుతాయని నిటారుగా కూర్చునే ఏడ్చారు.

ఇరవై తొమ్మిదో రోజు పది గంటలకి రాజధాని నుంచి కబురొచ్చింది. పడవలు లేని పడవల ఆఫీసు ఒకటుందని అక్కడెవరికో ఇన్నాళ్ళకి అనుమానం వచ్చింది. ఆఫీసు పెట్టినప్పటి అసలు ఉత్తర్వు సాయంత్రం అయిదు లోపల చూపించాలి. చూపలేకపోతే ఆఫీసు మూత.

ఆఫీసంతా గగ్గోలైపోయింది. పదిహేడు మందీ ఇరవై మూడు బీరువాల మీదా పడ్డారు. మూడింటికి అందరి మొహాలూ బూజు పట్టాయి గానీ ఉత్తర్వు దొరకలేదు. మాణిక్యం గారు మాత్రం సీట్లో కూర్చుని మేకుని చూస్తున్నారు. విశ్వపతి గారు చెమటలు కక్కుతూ ఆవిడ ముందు నిలబడ్డారు.

"మాణిక్యం గారూ! ఆ ఉత్తర్వు ఎచ్చట ఉన్నదో మీకు తెలియును గదా?"

"తెలుసండి. కాని నేను ఇరవై తొమ్మిది రోజులుగా ఆఫీసులో లేనండి సార్. లేని మనిషి ఎలా చెబుతుందండీ?"

"అదేమిటి, ఉన్నారు గదా! ఇదిగో, నా యెదుటనే ఉన్నారు గదా!"

"అది మీ వాదనండి," అన్నారు మాణిక్యం గారు. గొంతులో వెటకారం కూడా లేదు.

విశ్వపతి గారు గోడ గడియారం చూడబోయి, అది ఆగిపోయిందని గుర్తొచ్చి, చేతివాచీ చూసుకున్నారు. అప్పుడాయన నోట జన్మలో మొదటిసారి వాడుక తెలుగు వచ్చింది.

"ఏం చెయ్యమంటారండీ తల్లీ?"

"ఏడో బీరువాలో హాజరు పట్టీ ఉందండి."

నూకరాజు అప్పటికే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ పేరుకెదురుగా ఇరవై తొమ్మిది గళ్ళు గీసి, ఆవిడ చేత సంతకాలు పెట్టించి, కింద "పై ఉద్యోగిని ప్రతిదినము కార్యాలయమునందు ఉండుట నేను కన్నులారా చూచితిని" అని రాసి విశ్వపతి గారు ముద్ర వేశారు. ఆవిడ పెన్ను మూత పెట్టి అప్పుడు చెప్పారు.

"పదకొండో బీరువా, పై అర, ఎర్రగుడ్డ మూట. నేను తలెత్తకూడదండి, మీరే తియ్యాలి."

విశ్వపతి గారే స్టూలెక్కి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, మూట లాగారు. నూకరాజు స్టూలు పట్టుకున్నాడు. నాలుగున్నరకి ఉత్తర్వు ఫోన్లోంచే రాజధాని చేరింది, ఆఫీసు బతికింది.

ఆ ఉత్తర్వుతో పాటు హాజరు పట్టీ నకలు కూడా వెళ్ళింది. ప్రధాన కార్యాలయానికి పెద్ద చిక్కొచ్చిపడింది. యాప్ లేదంటోంది, అధికారి ముద్ర ఉందంటోంది. రెండూ ప్రభుత్వానివే, రెండూ అబద్ధమాడవు. వారం రోజులు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. తల తిప్పలేని ఉద్యోగుల తరఫున, ఆ కార్యాలయపు అధికారి "సజీవతా ప్రతినిధి"గా వ్యవహరించి, వారికి బదులు తల తిప్పవలెను.

అప్పట్నించి విశ్వపతి గారు తనకోసం నాలుగుసార్లు, మాణిక్యం గారి కోసం నాలుగుసార్లు, రోజుకి ఎనిమిదిసార్లు తల తిప్పసాగారు. ఆవిడ సీటు పక్కన నిలబడి, కుడికి, ఎడమకి, పైకి, కిందికి. యాప్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. దానికి ఎవరిదో ఒక తల కదిలితే చాలు. "హాజరు నమోదైంది. శుభదినం, రత్నమాణిక్యం గారూ," అనేది తియ్యగా. ఆవిడ పక్కనే కూర్చుని పట్టీలో కూడా సంతకం పెట్టుకునేవారు. రాజధాని చెప్పకపోయినా పట్టీ మళ్ళీ ఏడో బీరువాలోకి వెళ్ళలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మంగళవారం ఉదయం విశ్వపతి గారు ఆవిడ హాజరు పూర్తి చేసి, తనది మొదలుపెట్టారు. కుడికి తిప్పారు. ఎడమకి తిప్పి పైకెత్తగానే ఉన్నట్టుండి బల్ల అంచు రెండు చేతులతో పట్టేసుకున్నారు. కనుపాపలు టకటకా కొట్టుకుంటున్నాయి.

"సజీవత నిర్ధారణ కాలేదు," అంది ఫోను. "గైర్హాజరు. ధన్యవాదాలు."

"మాణిక్యం గారూ! ఆఫీసు తిరుగుతోందండీ!"

"తిరగదండి సార్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను, అంగుళం కదల్లేదు." ఆవిడ తల కదపకుండా లేచి, ఆయన భుజాలు పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టారు. "కళ్ళు మూసుకోకండి. ఎదురుగోడ మీద ఒక మేకుంది, దాన్నే చూడండి. ముక్కాలు నిమిషం ఓర్చుకోండి, అదే ఆగుతుంది. సాయంత్రం సుభాషిణి గారి దగ్గరికి తీసుకెళ్తాను."

విశ్వపతి గారు మేకుని చూస్తూ, తడుముకుని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వెళ్ళిపోకండేం."

"ఎక్కడికీ వెళ్ళనండి," అన్నారు మాణిక్యం గారు. "నేనిక్కడే ఉన్నాను."

ఈసారి ఆయన రుజువు అడగలేదు.